స్విచ్చులు గది బయట ఉన్న ఇల్లు

మా ముత్తాతగారు నిజాం ఖజానాలో పేష్కారు. వారి తండ్రిగారు అదే ఖజానాకు సొమ్ము చేర్చే బండ్ల మీద అధికారి. మా తాతగారు హైకోర్టు వకీలు. ఆయన కోర్టు నుంచి నడిచి వస్తుంటే నాంపల్లిలో మా వీధి అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారట. నేను చూడలేదు. చూసినవాళ్లు చాలామంది చెప్పారు కనుక నమ్ముతాను.

మా ఇల్లు చాలా పెద్దది కనుక దేవిడి అనేవారు. ఆ వీధిలో మొదట కరెంటు వచ్చింది మా ఇంటికే. అంతకుముందు దీపాలు పెట్టడానికే ఒక మనిషి ఉండేవాడు. గదులన్నిటి వెనకగా ఒక సన్నటి నడవ ఉండేది. సాయంత్రమయ్యేసరికి అతను ఆ నడవ వెంట వస్తూ, గోడల్లో కట్టిన గూళ్లలోంచి ఒక్కో గదికి దీపం అందించి పోయేవాడు. గదిలోకి అడుగుపెట్టేవాడు కాదు. కరెంటు పెట్టించినప్పుడు మా తాతగారు స్విచ్చులన్నీ ఆ నడవలోనే వేయించారు. దీపం పెట్టే మనిషి అక్కడే కదా నడిచేది! ఆ విధంగా మా దేవిడిలో ఏ గదిలోనూ స్విచ్ ఉండేది కాదు. మా ఇంటివాళ్లెవరూ స్విచ్ ముట్టుకోలేదు.

ఆ మనిషి స్విచ్ వేసేముందు ఒకసారి దగ్గేవాడు. లోపల ఎవరైనా నడుం వాల్చి ఉంటే లేచి సర్దుకుని కూర్చోవడానికి అది సూచన. వెలుగు రాగానే అందరం దండం పెట్టుకునేవాళ్లం. నా చిన్నతనానికి అతను బాగా ముసలివాడైపోయాడు గాని, ఆ దగ్గు నాకు ఇప్పటికీ గుర్తుంది.

దేవిడి ఇప్పుడు లేదు. దాని జాగాలో లాడ్జి ఉంది. ముందువైపు గుమాస్తాలు కూర్చునే రెండు గదులు మాత్రం మాకు మిగిలాయి. వాటిలో మా మేనత్త, నేను ఉంటాం. గుమాస్తాలు ఎవరి దీపం వారే వేసుకునేవారు కనుక ఈ గదుల్లో స్విచ్చులు లోపలే ఉన్నాయి.

ఆబిడ్స్‌లో ఒక చీరల దుకాణంలో చాలా ఏళ్లు పనిచేశాను. సరుకు చూసేదాన్ని. దుకాణం మూతపడింది. ఆ సంగతి తెలిసిన వారంలోనే లాడ్జి యజమాని మా గుమ్మం ముందుకు వచ్చాడు. అతిథుల బండ్లు నిలపడానికి చోటు చాలడం లేదట.

"ఈ రెండు రూములు ఇచ్చేయుండ్రి మేడం. మీకు ఖైరతాబాద్ దిక్కు మంచి ఫ్లాట్ చూసిపెడ్త. లిఫ్ట్ గిట్ల ఉంటది," అన్నాడు.

"ఆలోచించి చెబుతాం," అన్నాను. మా వంశంలో ఎవరూ గుమ్మంలో నిలబెట్టి కాదనలేదు. కానీ ఆలోచించడానికి నాకు మిగిలింది ఎక్కువేమీ లేదు. పని దొరికితే గదులు నిలుస్తాయి. దొరకకపోతే మా తాతగారి గుమాస్తాల గదుల్లో ఎవరివో కార్లు నిలుస్తాయి.

పని దొరికే దారి ఒక్కటే కనిపించింది. మా దుకాణానికి వైరింగ్ చేసిన కాంట్రాక్టరు ఆఫీసు ఆబిడ్స్‌లోనే, చెప్పుల దుకాణం పైన. దుకాణంలో మార్పులు చేసినప్పుడు అరల కొలతలు నేను కాగితం మీద గీసి ఇస్తే ఆయన చూసి మెచ్చుకున్నాడు. ఇప్పుడు వెళ్లి అడిగాను.

"మీ చెయ్యి మంచిది మేడం. నాకు సైటుకు పోయి, ఉన్న వైరింగ్ చూసి, డ్రాయింగ్ తీసేటోళ్లు కావాలె. పిల్లలు కంప్యూటర్ల గీస్తరు కానీ గోడ చూడరు. గుర్తులు నేర్చుకొని రండి, ఒక పని ఇచ్చి చూస్త."

"ఏ గుర్తులు?"

"గవ్వే మేడం. లైటు, ఫ్యాను, స్విచ్చు. గవి రాకుంటే మీరు గీసింది నా వైర్‌మెన్‌కు ముగ్గు లెక్క కనిపిస్తది."

నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఒక పాత భవనం మేడ మీద శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ చేరాను. చెప్పే మాస్టారు విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన ఆయన. గోదావరి వైపు నుంచి వచ్చి ఎప్పుడో ఇక్కడ స్థిరపడ్డారు గాని, మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

మొదటి రోజు ముందు బెంచీలో కూర్చున్నాను. నాకు నిటారుగా కూర్చోవడం అలవాటు. మా ఇంట్లో ఆడపిల్లలను గోడకు వీపు ఆనించనిచ్చేవారు కారు. పాఠం మొదలైన కాసేపటికి పక్కనున్న అమ్మాయి నా మోచేయి తట్టింది. ఆబిడ్స్‌లో ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతుంది ఆ అమ్మాయి.

"అక్కా, జర వంగి కూసో. ఎనకోళ్లకు బోర్డు కనిపిస్తలేదంట."

నేను వంగలేదు. పుస్తకం తీసుకుని చివరి బెంచీకి వెళ్లాను. ఆ అమ్మాయి కూడా సంచి భుజాన వేసుకుని నా వెనకే వచ్చింది.

"గిదే బాగుంది. ఈడ గాలి కూడ వస్తది," అంది. ఆనాటి నుంచి మా ఇద్దరిదీ అదే బెంచీ.

గుర్తులు నేను అనుకున్నంత కష్టమైనవి కావు. గుండ్రంలో ఇంటూ గీస్తే దీపం. అర్ధచంద్రుడికి తోక పెడితే ప్లగ్గు పెట్టే సాకెట్. చిన్న సున్నా నుంచి ఏటవాలుగా ఒక గీత లాగి చివర కొక్కెం పెడితే స్విచ్. ఆ సున్నాకు రెండు వైపులా గీతలుంటే రెండు చోట్ల నుంచి వేసి ఆర్పే టూ-వే స్విచ్. నిలువు గీత కింద, ఒకదానికంటే ఒకటి పొట్టిగా మూడు అడ్డగీతలు వేస్తే ఎర్త్, అంటే నేలలోకి పోయే తీగ. నేను ఫ్యాను గుర్తు గీసి చూపిస్తే మాస్టారు కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూశారు.

"చాలా బాగా వేశారమ్మా. రెక్కల మీద పువ్వులు కూడా వేశారు."

"మా ఇంట్లో ఫ్యాను అలాగే ఉండేదండీ."

"ఉండొచ్చు. గుర్తంటే ఫొటో కాదు కదండీ. వైర్‌మన్ నిచ్చెన మీద నిలబడి చూస్తాడు. వాడికి పువ్వులతో పనేంటి? ఫ్యానెక్కడో తెలిస్తే చాలు."

పువ్వులు చెరిపేశాను. చెరిపిన కాగితం శుభ్రంగా ఉంది. అలా చూడటానికి నాకు కొన్నాళ్లు పట్టింది గాని, తర్వాత అదే ఇష్టమైంది. ఎవరి ఇల్లైనా, ఎంత పెద్దదైనా, దీపానికి ఒకటే గుర్తు.

పేర్లు నేర్చుకోవడం మరో పని. కరెంటు వచ్చే తీగ ఫేజ్, తిరిగి వెళ్లే తీగ న్యూట్రల్. మాస్టారు ఈ రెండింటి గురించి చెప్పినప్పుడు మాత్రం నవ్వేవారు కారు.

"స్విచ్ ఎప్పుడూ ఫేజ్ మీదే ఉండాలి. న్యూట్రల్ మీద పెట్టారనుకోండి, బల్బు ఆరుతుంది. మీరు హమ్మయ్య అనుకుంటారు. కానీ హోల్డర్‌లో కరెంటు అలానే ఉంటుంది. పాత ఇళ్లలో ఇది చాలా చూశాను. ఆరిందని చెయ్యి పెట్టకండి. టెస్టర్ పెట్టి చూడండి, తర్వాత చెయ్యి పెట్టండి."

ఇంటికి వచ్చాక పాత క్యాలెండర్ల వెనక గీసి సాధన చేసేదాన్ని. మా మేనత్త మంచం మీద కూర్చుని, తాంబూలం నములుతూ చూసేది. దేవిడిలో పుట్టి పెరిగిన మనిషి. పెళ్లయిన కొద్దికాలానికే పుట్టింటికి తిరిగొచ్చి, మళ్లీ నాంపల్లి దాటి ఎక్కడా ఉండలేదు.

"మనింట్ల ఆడోళ్లు స్విచ్ ముట్టుకోలే. నువ్వు తీగలు పీకనీకి పోతున్నవా బిడ్డా?"

"పీకనత్తమ్మా. ఎక్కడ వేయాలో గీసిస్తాను."

"గీసుడేంది మల్ల? దీపం ఏడ పెట్టాల్నో ఎవ్వలకు ఎరుక లేదు? నడిమిట్ల పెట్టాలె."

"స్విచ్ ఎక్కడ పెట్టాలో కూడా గీయాలి."

"గదంత వాడు చూసుకుంటడు," అంది మేనత్త. ఆ 'వాడు' ఎప్పుడో పోయిన దీపాల మనిషి. అలా అన్నాక తనే నవ్వుకుని, "పోయి చానా దినాలైంది గద, మర్చిన," అంది.

చివర్లో పరీక్షలాగా మాస్టారు ఒక పని ఇచ్చారు. ఎవరికి తెలిసిన ఇంటి ప్లాను వాళ్లు గీసి, అందులో వైరింగ్ గుర్తులన్నీ పెట్టాలి. నేను దేవిడి గీశాను. దివాన్‌ఖానా అనే పెద్ద హాలు, పూజ గది, తాతగారి కాగితాల గది, వంటిల్లు, అన్నీ కొలతలతో సహా చేతికి వచ్చేశాయి. దీపాలు పెట్టాను, ఫ్యాన్లు పెట్టాను. స్విచ్చులు కూడా తడుముకోకుండా పెట్టేశాను.

మాస్టారు నా కాగితం బోర్డుకు పిన్ను గుచ్చి పెట్టారు. గీత అంత చక్కగా ఉందని అనుకుని నేను ఇంకొంచెం నిటారుగా కూర్చున్నాను.

"గీత చూడండి, అచ్చు వేసినట్టుంది," అన్నారాయన. తర్వాత వేలు పెట్టి గది చుట్టూ తిప్పారు. "ఏవండీ, ఈ హాల్లో దీపాలున్నాయి. స్విచ్చేదీ?"

"నడవలో ఉందండీ."

"పూజ గదిది?"

"అదీ నడవలోనే."

"పడగ్గదిది కూడానా?"

తరగతంతా ఒక్కసారిగా నవ్వింది. నా బెంచీ అమ్మాయి అందరికంటే గట్టిగా నవ్వి, "అక్కా, లైటు బంద్ చేయనీకి ఆటో మాట్లాడుకొని పోవాల్నా?" అంది.

నేను లేచి నిలబడి, మా ఇంట్లో దీపాలు పెట్టడానికి ఒక మనిషి ఉండేవాడని, అతని దారిలోనే స్విచ్చులు ఉండేవని చెప్పాను. తలవంచుకోవాల్సింది ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టు గీశాను. అమ్మాయి నవ్వు ఆపి, "నిజంగనా? గట్ల ఉండేనా?" అంది. ఆమె కళ్లల్లో ఎగతాళి లేదు.

మాస్టారు ప్లానులో నడవ మీద వేలు పెట్టారు.

"ఇలాంటి వైరింగ్ నేనూ చూడలేదమ్మా. కానీ ఇవాళ మీరు గీసే ఇంటికి ఆ మనిషి ఉండడు. తలుపు తీసుకుని చీకట్లోకి వచ్చేది ఇంటావిడే. ఆవిడ చెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడ పెట్టాలి స్విచ్. తలుపు రెక్క వెనక కాదు, తెరుచుకునే వైపున. మళ్లీ గీసుకురండి."

మళ్లీ గీశాను. ఒక్కో గది గుమ్మం పక్కన ఒక్కో స్విచ్ పెట్టుకుంటూ పోతే, ఎన్నడూ లేని చోట మా ఇంటివాళ్లు తమ చేత్తో తాము దీపం వేసుకుంటున్నట్టు అనిపించింది. అది నాకు నామోషీగా అనిపించలేదు. మాస్టారు దాన్ని చూసి సంతకం పెట్టారు. మొదటి కాగితం కూడా నేను పారేయలేదు.

కాంట్రాక్టరు ఇస్తానన్న పని మొజంజాహీ మార్కెట్ దగ్గర ఒక పాత ఇంట్లో. వ్యాపారం చేసుకునే కుటుంబం. మేడ మీది పెద్ద హాల్లో ఎన్నో ఏళ్లుగా దీపం లేదు. పైకప్పు నిండా సున్నంతో చేసిన తీగలు, పువ్వులు. అది పగలగొట్టకుండా వైరింగ్ చేయాలని ఇంటావిడ పట్టు. కప్పు మధ్యలో దీపం వేలాడదీసే కొక్కెం, దాని పక్కన పాత ఇనుప గొట్టం మూతి కనిపిస్తున్నాయి. ఆ గొట్టం రెండో కొన ఎక్కడ తేలుతుందో తెలిస్తే కొత్త తీగ అందులోంచే లాగవచ్చు. అది ఎవరికీ దొరకడం లేదు.

"గీ హాలు డ్రాయింగ్ నాకు తెచ్చియ్యుండ్రి మేడం, పాత లైను ఏడికెళ్లి వస్తున్నదో సహా," అన్నాడు కాంట్రాక్టరు మెట్లెక్కుతూ. "దొరికితే రేపటి సంది మీకు కుర్చీ ఉంటది. దొరకకుంటే కప్పు కొట్టుడే. అప్పుడు నాకు డ్రాయింగ్ మనిషితోని పని లేదు, సుత్తె మనిషితోనే పని."

హాల్లో ఇద్దరు వైర్‌మెన్ అప్పటికే తలుపుల పక్కన గోడ గీకి చూశారు. పాత స్విచ్ సున్నం కింద పూడిపోయి ఉంటుందని వాళ్ల లెక్క. ఎక్కడా ఏమీ లేదు.

"ఇగ గోడకు ఎక్స్‌రే తియ్యాలె," అన్నాడు అందులో పెద్దవాడు. "తెచ్చినారా మేడం మిషిను?"

"తేలేదు," అన్నాను. హాలు చుట్టూ నడిచాను. గుమ్మాలు చూశాను. తలుపుల పక్కన నునుపైన గోడ. ఎక్కడా, ఏ కాలంలోనూ స్విచ్ ఉన్న ఆనవాలు లేదు. వెనక గోడలో మాత్రం, నడుం ఎత్తున, ఒక గూడు. దానికి వెనకవైపు చెక్క పలక కొట్టి సున్నం వేసేశారు. అందులో ఇప్పుడు ఒక పింగాణీ బొమ్మ ఉంది.

ఇంటావిడ దగ్గరికి వెళ్లి అడిగాను. "అమ్మా, ఈ ఇంట్లో వెనకట దీపాలు పెట్టే మనిషి ఉండేవాడా? ఎటు నుంచి వచ్చేవాడు?"

"దీపాలు పెట్టేటోడా?" ఆవిడ వెనక గోడ అవతలికి చెయ్యి చూపింది. "మా అత్తగారు చెప్పేది, ఎవరో ఉండెనని. ఎనక సందుకెళ్లి వస్తుండెనట. ఇప్పుడు ఆడ బీరువాలు పెట్టినం. వంటింట్లకు పోయేతందుకే వాడుతం."

పెద్ద వైర్‌మన్‌ను నిచ్చెన ఎక్కి, టెస్టర్ పెట్టి చూసి, గొట్టంలోకి స్ప్రింగు తీగ తోయమన్నాను. నేను హాలు వెనక గోడ అవతల, నడవలా ఉన్న ఆ సందులోకి వెళ్లాను. ఒక మనిషి పట్టేంత వెడల్పు. ఒక పక్క బీరువాలు. గోడకు చెవి ఆనించి నిలబడ్డాను.

"తోస్తున్న మేడం!" అని హాల్లోంచి అరిచాడు. గోడలో ఎక్కడో ఇనుము గీసుకున్న చప్పుడు. అది పైనుంచి కిందికి దిగింది. తర్వాత ఒక బీరువా వెనక, చెక్క మీద 'టక్' అని తగిలింది.

"మళ్లీ!" అన్నాను.

టక్.

బీరువా జరిపించాం. వెనక గోడ రంగే వేసిన పలక ఒకటి, మేకులతో బిగించి ఉంది. కాంట్రాక్టరే స్వయంగా ఊడదీశాడు. లోపల వరసగా స్విచ్చులు, గుండ్రటి ఇత్తడి మూతలతో, పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వాటి పక్క నుంచి మా స్ప్రింగు తీగ కొన బయటికి తొంగిచూస్తోంది.

"వారీ!" అన్నాడు కాంట్రాక్టరు. "ఈడ ఎవడు పెడ్తడు స్విచ్చు? మీకెట్ల ఎరుక మేడం?"

"మా ఇంట్లోనూ ఇలాగే ఉండేది," అన్నాను.

అక్కడే, బీరువాకు కాగితం ఆనించి డ్రాయింగ్ మొదలుపెట్టాను. పాత తీగలు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే, మాస్టారు చెప్పినట్టే, దీపం స్విచ్ న్యూట్రల్ మీద ఉంది. నా కాగితంలో దాన్ని ఫేజ్ మీదికి మార్చాను. స్విచ్ ఎక్కడ పెట్టాలని ఇంటావిడను అడిగాను. హాల్లో గుమ్మం పక్కన కావాలంది. "కానీ వంటింటికెళ్లి వచ్చేటప్పుడు గీ సందుల నుంచే వస్తం. ఈడ చీకటే ఉంటది," అని కూడా అంది. అందుకని గుమ్మం పక్కన ఒక టూ-వే స్విచ్, సందులో ఉన్న పాత చోట ఒక టూ-వే స్విచ్ గీశాను. చిన్న సున్నా, రెండు వైపులా గీతలు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కొత్త తీగ లాగడం పూర్తయిన సాయంత్రం నన్ను కూడా పిలిచారు. కాంట్రాక్టరు, ఇంటావిడ హాల్లో నిలబడ్డారు. వెనక సందులో స్విచ్ దగ్గర నేను ఉన్నాను. వేసేముందు దగ్గాను.

"ఏమైంది మేడం, దుమ్ము పోయిందా?" అని కాంట్రాక్టరు హాల్లోంచి కేకేశాడు.

"ఔను, దుమ్మే," అని స్విచ్ వేశాను.

సందు చివర నుంచి చూస్తే హాల్లో వెలుగు కనిపించింది. సున్నపు తీగల నీడలు గోడల మీద పడ్డాయి. ఇంటావిడ ఎవరూ చెప్పకుండానే రెండు చేతులూ జోడించి దండం పెట్టుకుంది. తర్వాత గుమ్మం దగ్గరికి వెళ్లి, ఆ పక్క స్విచ్‌తో ఒకసారి ఆర్పి, మళ్లీ వేసి చూసుకుంది.

మర్నాటి నుంచి చెప్పుల దుకాణం పైన నాకు కుర్చీ వేశారు. వీపు ఆనించే కుర్చీయే గాని, నేను ఆనుకోను. ఫోన్ల కొట్టు అమ్మాయి మధ్యాహ్నం టీ తెచ్చుకుని మెట్లెక్కి వచ్చి, "అక్కా, కుర్చీల ముందుకు జరిగి కూసున్నవ్, ఆనుకుంటే మాసిపోతదనా?" అని ఏడిపిస్తుంటుంది. తను కూడా వైర్‌మన్ పర్మిట్ కోసం చదువుతోంది.

లాడ్జి యజమాని ఆ నెలలోనే మళ్లీ వచ్చాడు. నేను లేచేలోపే మా మేనత్త మంచం మీద నుంచి జవాబు చెప్పింది.

"మా బిడ్డకు ఆబిడ్స్‌ల నౌకరి అయింది. మాకు ఈడికెళ్లి దగ్గర పడ్తది. మీ బండ్లకు ఇంకేడన్న చూసుకోండ్రి. చాయ్ తాగి పోండ్రి."

చాయ్ తాగే వెళ్లాడు. అతను పోయాక మేనత్త, మొజంజాహీ మార్కెట్ ఇంట్లో దొరికిన స్విచ్చుల గురించి మళ్లీ అడిగింది. ఇత్తడివేనా, గుండ్రంగా ఉన్నాయా, వేస్తే గట్టిగా చప్పుడయిందా అని. అన్నిటికీ ఔనన్నాను. అయితే అచ్చం మనవే, అంది.

మావి ఇప్పుడు లేవు. దేవిడి కూల్చడానికి ముందు మా నాన్నగారు నడవలోని ఇత్తడి స్విచ్చులన్నీ ఊడదీయించి, కోఠిలో పాత సామాన్ల వ్యాపారికి తూకానికి అమ్మేశారు.